చారిత్రక రేకు

మా ఊరి మేయర్ ట్విల్లీ గారు ఒకే రోజున, ఒకే భవనం ముందు నిలబడి, దాన్ని కూల్చేస్తామని పొద్దునా, ప్రాణం పెట్టి కాపాడతామని సాయంత్రమూ ప్రకటించారు. ఇలా ప్రకటించే నాయకులు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు. రెండు మాటలూ నిలబెట్టుకున్న నాయకుడు మాత్రం, నాకు తెలిసి, ఆయనొక్కరే.

ఆ భవనంలో కాపురం ఉన్నదాన్ని కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆయన గొప్పతనం పేపర్లో సగమే వచ్చింది.

మాది ఒహాయోలో వెల్డన్ ఫాల్స్. ఊరి పేరులో జలపాతం ఉంది. ఊళ్ళో ఉన్న జలపాతాన్ని మా తాతల కాలంలోనే అభివృద్ధి చేసేశారు. మెయిన్ స్ట్రీట్ మధ్యలో క్రెస్లర్ బిల్డింగ్. గుర్రబ్బళ్ళ రోజుల్లో క్రెస్లర్ అనే టోపీల వ్యాపారి కట్టించాడు. ఎర్ర ఇటుక, పొడుగాటి కమాను కిటికీలు, ప్రతి కిటికీ పైనా రాతిలో చెక్కిన ఆడమనిషి ముఖం. ఇదంతా నేను చూసి చెప్పడం లేదు. ఊరి బయట మొదటి షాపింగ్ సెంటర్ వెలిసి జనం అటు పోతున్న రోజుల్లో, అప్పటి యజమాని, చెప్పుల కొట్టాయన, తన భవనం కూడా కొత్తదేనని అందరూ అనుకోవాలని, ముందువైపంతా పైనించి కిందిదాకా సముద్రపు పచ్చ రంగు అల్యూమినియం రేకు కొట్టించేశాడు. ఎవరూ అనుకోలేదు. చెప్పుల కొట్టు మూతబడింది. రేకు మిగిలింది.

ఆ రేకు వెనక, మేడ మీద, నేనూ మా ఆయన వేడ్, మా పాప ఓపల్. వేడ్‌ది కోల్డ్ స్టోరేజిలో రాత్రి షిఫ్టు. మా ముందు గదికి పెద్ద పెద్ద కిటికీలున్నాయి. తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో రేకు. రేకుకీ గోడకీ మధ్య పావురాల కాపురం. వాన పడితే మా గది డప్పు. పిల్ల ఉలిక్కిపడి లేస్తుంది, నేను పిల్లకంటే ముందే లేస్తాను. ఎండ మాత్రం వెనక వంటగదిలోకి కాస్త వచ్చేది, అదీ సింకు మీద. "పిల్లకి ఎండ తగలనివ్వమ్మా, బయటికి తీసుకెళ్ళు" అని క్లినిక్‌లో డాక్టరమ్మ ఎప్పుడు వెళ్ళినా చెప్పేది. మెయిన్ స్ట్రీట్ మీద లారీల పొగలో ఎక్కడికని తీసుకెళ్ళను? పిల్లని ఒళ్ళో పెట్టుకుని, గిన్నెలు పక్కకి జరిపి, సింకు పక్కన గట్టు మీద ఎక్కి కూర్చునేదాన్ని. కాళ్ళు వంకర పోతున్నాయేమోనని స్నానం చేయించినప్పుడల్లా పరీక్షగా చూసేదాన్ని. ఇల్లు మారదామంటే, చంకలో పిల్ల కనిపించగానే "అయ్యో, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామే" అనే ఊరు మాది.

కాబట్టి నా కోరిక ఒక్కటే. భవనం ఉండాలి, రేకు పోవాలి.

ఆ రోజు రెండు ప్రకటనలూ మా ముందు గదిలోంచే విన్నాను. ఆ కిటికీల్లోంచి ఊరంతా వినిపిస్తుంది, ఏమీ కనిపించదు. పొద్దున వచ్చినవాళ్ళు వ్యాపారుల సంఘం వాళ్ళు. వాళ్ళ అధ్యక్షుడు ఫర్నిచర్ కొట్టు హోమర్ గ్లిడెన్. "మన మెయిన్ స్ట్రీట్ పళ్ళవరసలో ఇదొక పుచ్చిపన్ను. దీన్ని పీకించి ఇక్కడ పార్కింగ్ వేయిస్తాను. పార్కింగ్ లేకనే మన ఊరు చచ్చిపోతోంది" అన్నారు మేయర్ గారు. చప్పట్లు మోగాయి. కొట్టినవాళ్ళు గుప్పెడుమందే అయినా రేకు వెనక పెద్ద బహిరంగసభలా వినిపించింది. రేకుకి ఆ గుణం ఉంది.

సాయంత్రం వచ్చినవాళ్ళు చరిత్ర సంఘం వాళ్ళు. వాళ్ళ అధ్యక్షురాలు మార్జరీ హాల్స్టెడ్ గారు. ఆవిడే నాకు ఏడో క్లాసులో చరిత్ర చెప్పింది. ఆ తర్వాత నేను చదివింది కొంచెమే కాబట్టి నాకున్న చరిత్ర చాలావరకు ఆవిడదే. "ఈ భవనం మన ఊరి ఆత్మ. నా కంఠంలో ప్రాణం ఉండగా ఒక్క ఇటుక కదలనివ్వను" అన్నారు మేయర్ గారు. మళ్ళీ అదే బహిరంగసభ.

నేను ఉండబట్టలేక పిల్లని ఎత్తుకుని కిందికి దిగాను. మేయర్ గారు కారెక్కబోతున్నారు.

"మేయర్ గారూ, పొద్దున కూల్చేస్తామన్నారు కదండీ."

"అన్నాను."

"ఇప్పుడేమో కాపాడతామన్నారు."

"అన్నాను. నువ్వు రెండూ విన్నావా?"

"పైనే ఉంటానండీ."

ఆయన పక్కనున్న సహాయకుడి వైపు తిరిగారు. "చూశావా? రెండు మీటింగులకీ వచ్చిన పౌరురాలు ఒక్కతే. ఇలాంటివాళ్ళు ఊరికి పదిమంది ఉంటే చాలు" అని ఓపల్ బుగ్గ నిమిరి వెళ్ళిపోయారు.

అంతటితో మమ్మల్ని మర్చిపోతారనుకున్నాను. మర్చిపోలేదు. మరుసటి వారమే ఫోటోగ్రాఫర్‌తో సహా మా ఇంటికి వచ్చారు. నవంబరులో ఎన్నికలు. అయినా మా మెట్లెక్కిన మొదటి మేయర్ ఆయనే. మెట్ల మీద ఒకసారి కూర్చుని కూడా లేచారు. నేను ఉన్న ఒక్క మంచి కుర్చీ తుడిచి వేశాను. ఆయన కూర్చోలేదు. నేరుగా ముందు గది కిటికీ దగ్గరికి వెళ్ళి చేతులు చాపారు.

"పాపని ఇలా ఇవ్వు. కిటికీలోంచి తన ఊరిని చూస్తున్నట్టు ఒక ఫోటో. వెనక వెలుగు పడాలి."

"సార్, వెనక రేకు పడుతోంది" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"పడనీవయ్యా. ఆకుపచ్చగా ఉంది. చెట్లనుకుంటారు."

ఓపల్ కొత్తవాళ్ళ దగ్గరికి పోదు. అయినా మేయర్ గారి దగ్గర ఏడవలేదు. ఆయన టై అందుకుని నోట్లో పెట్టుకుంది. టై రంగు దిగుతుందేమోనని నాకు గుండె దడ. లాగితే బాగుండదు, లాగకపోతే పిల్ల కడుపులోకి పోతుంది. ఆ దడలోనే ఆయన నన్ను అడిగారు.

"చెప్పు కెండ్రా. భయపడకుండా చెప్పు. ఈ భవనాన్ని కాపాడమంటావా, కూల్చమంటావా?"

"ఆ రేకొక్కటి తీసేయండి సార్, చాలు. ఇల్లు ఉంటుంది, పిల్లకి ఎండ తగులుతుంది."

ఆయన కళ్ళు చెమర్చినట్టు కూడా అనిపించింది. "ఇంత స్పష్టంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు" అని సహాయకుడిని పిలిచారు. "ఈమె అభిప్రాయం రాసుకో."

"ఎటువైపు వెయ్యమంటారు సార్? కాపాడమనేవాళ్ళలోనా, కూల్చమనేవాళ్ళలోనా?"

"రెండింట్లోనూ వెయ్యి. రేకు తియ్యమంది, అది కూల్చడం. ఇల్లు ఉంచమంది, అది కాపాడడం. ఈమెలో రెండు వర్గాలూ ఉన్నాయి."

ఫోటో పేపర్లో వచ్చింది. నిజంగానే చెట్లలా ఉంది. మా అత్తగారు ఫోన్ చేసి, "మీకు అంత పెద్ద తోట ఉందని ఎప్పుడూ చెప్పలేదేం?" అని అడిగింది.

సమస్య చిన్నది కాదని గ్రహించిన మేయర్ గారు కొలంబస్ నించి నిపుణురాలిని పిలిపించారు. ఆవిడ పేరు డాక్టర్ వైకాఫ్. మందులిచ్చే డాక్టర్ కాదు, పాత భవనాలు చూసే డాక్టర్. నాకా సంగతి తెలియక, మా ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు పిల్ల దగ్గు గురించి అడిగేశాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని ఓపల్‌ని పైనించి కిందిదాకా చూసి, "అసలు స్థితిలోనే ఉంది. మార్పులేమీ కనిపించడం లేదు" అంది. నాకు నిజంగానే కొంచెం ధైర్యం వచ్చింది.

రేకు వెనక ఏముందో చూడాలి కదా. లిఫ్ట్ ఉన్న బండి తెచ్చి, సరిగ్గా మా ముందు గది కిటికీకి ఎదురుగా ఉన్న రేకు పలకని ఒక మనిషి చేత విప్పించారు.

మా గదిలోకి ఎండ వచ్చింది.

నేల మీద దుప్పటంత ఎండ. చెక్క నేలకి ఎర్రటి రంగు ఉందని అప్పుడే తెలిసింది. ఓపల్ పాక్కుంటూ వెళ్ళి దాని మధ్య కూర్చుంది. నీళ్ళు కొట్టినట్టు రెండు చేతులతో దాన్ని కొట్టింది. చేతులకేమీ అంటలేదేమని తిప్పి తిప్పి చూసుకుంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న వేడ్ కూడా లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఉయ్యాల ఇక్కడ వేద్దాం" అన్నాడు. ఇద్దరం కలిసి ఉయ్యాల జరపడం మొదలెట్టాం.

కిటికీ బయట లిఫ్టులో మార్జరీ గారూ డాక్టర్ వైకాఫూ నిలబడి ఉన్నారు. కిటికీ పైనున్న రాతి ముఖం వాళ్ళకి ఎదురుగా ఉంది. నేను కూడా తల బయటికి పెట్టి చూశాను. అందమైన నుదురు, అందమైన గడ్డం. ముక్కు లేదు. రేకు చదునుగా కూర్చోవాలని ఉలితో చెక్కేశారు. వరసలో మిగతా ముఖాలూ అంతేనట.

డాక్టర్ వైకాఫ్ తల అడ్డంగా ఊపింది. "ముక్కులు పోయాయి. పైన చూరు పోయింది. కిటికీ చట్రాలు మార్చారు. ఈ భవనం తన స్వరూపం కోల్పోయింది మార్జరీ గారూ. దీన్ని చారిత్రకం అని నేను సంతకం పెట్టలేను."

ఈ రేకు తీయించాలని మార్జరీ గారు ఎన్నేళ్ళ నించో ప్రతి శనివారం చర్చి హాల్లో చెర్రీపళ్ళు కూరిన తీపి పైలు కాల్చి అమ్ముతోంది. ఊళ్ళో సగం మందికి షుగర్ వచ్చింది ఆ పైల వల్లే అంటారు.

ఇంతలో డాక్టర్ వైకాఫ్ చూపు, లిఫ్టులో కాళ్ళ దగ్గర ఆనించి పెట్టిన పలక మీద పడింది. వంగి వేలితో రాసి చూసింది. వాసన చూసింది.

"ఇది ఎప్పటిది?"

"నేను ఒకటో క్లాసులో చేరిన ఏడు కొట్టారు" అంది మార్జరీ గారు ఏడుపు గొంతుతో.

"అంటే యాభై ఏళ్ళు దాటింది."

"దాటకేం."

"దీనికి ఎవరైనా మార్పులు చేశారా? రంగు వేశారా?"

"దాన్ని చూడ్డానికే ఎవరికీ మనసొప్పదు. రంగెవరు వేస్తారు?"

డాక్టర్ వైకాఫ్ ముఖం వెలిగిపోయింది. మా దేశంలో చారిత్రకం కావడానికి రెండే నియమాలు. యాభై ఏళ్ళు దాటాలి, అసలు రూపం చెడకూడదు. భవనానికి మొదటిది ఉంది, రెండోది లేదు. రేకుకి రెండూ ఉన్నాయి. "రంగు అసలుది. మేకులు అసలువి. ఒక్క పలకా పోలేదు. ఇంత చక్కగా నిలిచిన రేకు ముఖభాగం ఈ రాష్ట్రంలో నేను చూడలేదు" అంటూ వెనక్కి జరిగి రేకునంతా ఆరాధనగా చూసింది. చూస్తూ చూస్తూ మా కిటికీ ముందున్న ఖాళీ దగ్గర ఆగింది. ముఖం పాలిపోయింది.

"ఇక్కడ పలక ఎవరు పీకారు?"

"మీరే పీకమన్నారు మేడమ్" అన్నాడు లిఫ్ట్ మనిషి.

"వెంటనే పెట్టెయ్యి. అవే మేకులు. అవే కన్నాలు. ఎవరైనా చూశారా?"

పలక పెట్టేశారు. వేడూ నేనూ ఉయ్యాలని సగం దారిలో పట్టుకుని నిలబడ్డాం. ఓపల్ చీకట్లో కూర్చుని నేలని కొడుతూనే ఉంది. ఎండ ఎక్కడికి పోయిందో నన్ను అడుగుతున్నట్టు చూసింది. నేనేం చెప్పను, దానికింకా యాభై నిండలేదు.

తర్వాత సిటీ హాల్లో బహిరంగ విచారణ జరిగింది. మా ఊరి ప్రజాస్వామ్యం చాలా క్రమశిక్షణ గలది. గుమ్మం దగ్గర రెండు కాగితాలు పెడతారు. ఒకటి అనుకూలం, ఒకటి వ్యతిరేకం. మాట్లాడదలచినవాళ్ళు ఏదో ఒకదాని మీద పేరు రాయాలి. మాట్లాడే బల్ల మీద చిన్న దీపాలుంటాయి. పచ్చ వెలిగితే మొదలెట్టాలి, పసుపు వెలిగితే ముగించాలి, ఎరుపు వెలిగితే నోరు మూసుకోవాలి. ఆ రోజు చర్చించే విషయం, క్రెస్లర్ బిల్డింగ్ రేకుని చారిత్రక సంపదగా ప్రకటించడం.

కాగితాల దగ్గర కూర్చున్నావిడ నన్ను చూసి పెన్ను చాపింది.

"అనుకూలమా, వ్యతిరేకమా?"

"కిటికీ గురించి మాట్లాడాలండీ."

"కిటికీకి కాగితం లేదమ్మా. అనుకూలమా, వ్యతిరేకమా?"

"మేం ఆ రేకు వెనకే ఉంటాం."

"వెనక ఉంటే అనుకూలం కింద రాస్తాలే" అని ఆవిడే రాసేసింది.

ముందు హోమర్ గ్లిడెన్ లేచాడు. "మాకు రేకు మీద ద్వేషం లేదు. ఇరవయ్యేళ్ళుగా సోఫాలు అమ్ముతున్నాను. సోఫా కొనేవాడు కారు ఎక్కడ పెట్టాలని అడుగుతాడు. రేకు మీద పెట్టమని చెప్పలేను కదా. మాకు చోటు కావాలి, అంతే" అన్నాడు.

తర్వాత మార్జరీ గారు. చరిత్ర సంఘం రాజ్యాంగం ప్రకారం నిపుణులు చారిత్రకం అన్నదాన్ని సంఘం సమర్థించి తీరాలి. ఆ రాజ్యాంగం రాసింది ఆవిడే. "నేను నా జీవితమంతా ఈ రేకుని అసహ్యించుకున్నాను. మా నాన్న అసహ్యించుకున్నాడు. మా విద్యార్థులకి అసహ్యించుకోవడం నేర్పాను. తరతరాలుగా ఊరంతా కలిసి అసహ్యించుకున్న వస్తువు ఇంకొకటి లేదు. ఆ అసహ్యం కూడా మన వారసత్వమే. దాన్ని కాపాడుకుందాం" అని కూర్చుంది. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.

నా వంతు వచ్చింది. ఓపల్‌ని ఎవరికివ్వాలో తెలియక ఎత్తుకునే వెళ్ళాను. పచ్చ దీపం వెలిగింది. దాన్ని అందుకోవాలని ఓపల్ వంగింది. అందలేదు. ఏడుపు లంకించుకుంది. నేను ఊపాను, కూనిరాగం తీశాను, తాళంచెవులిచ్చాను. పసుపు దీపం వెలిగింది. "ఆ రేకు వెనక మనుషులున్నామండీ. మాకు ఎండ…" అన్నాను. ఎరుపు వెలిగింది.

"ధన్యవాదాలు. పాపకి కూడా" అన్నారు అధ్యక్షస్థానంలో ఉన్న మేయర్ గారు. సమావేశం వివరాల్లో తర్వాత ఇలా వచ్చింది: ఒక పౌరురాలు రేకుకి అనుకూలంగా మాట్లాడారు, ఇంకొక పౌరురాలు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

అప్పుడు మేయర్ గారు లేచారు.

"మిత్రులారా, కొందరు నన్ను రెండు నాలుకల మనిషి అన్నారు. నేను బాధపడలేదు. నిపుణులు తేల్చిందేమిటి? రేకు చారిత్రకం. భవనం కాదు. అంటే మన దగ్గర కాపాడాల్సింది ఒకటి ఉంది, కూల్చాల్సింది ఒకటి ఉంది. రెండూ ఒకే చోట ఉన్నాయి. ఇంత అదృష్టం ఎన్ని ఊళ్ళకి పడుతుంది? రేకుని ఉన్నచోటనే నిలబెడదాం. దాని వెనకున్న భవనాన్ని తీసేసి పార్కింగ్ వేద్దాం. ముందునించి చూస్తే చరిత్ర, వెనకనించి చూస్తే ప్రగతి."

హోమర్ గ్లిడెనూ మార్జరీ గారూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత లేచి చప్పట్లు కొట్టారు. రేకు లేకుండానే అంత చప్పుడు రావడం అదే మొదటిసారి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

నడవాలో మేయర్ గారు నన్ను గుర్తుపట్టి ఆగారు.

"సంతోషమేనా కెండ్రా? నువ్వడిగినవి రెండే. రేకు, ఇల్లు. ఒకటి ఉంచమన్నావు, ఒకటి తీసెయ్యమన్నావు. ఒకటి ఉంచాం, ఒకటి తీసేస్తున్నాం."

"నేను చెప్పింది తిరగేసి చేశారండీ."

"ఏది ముందు ఏది వెనక అనేది సాంకేతిక విషయం. అది ఇంజనీర్లు చూసుకుంటారు" అని భుజం తట్టారు.

"మేమెక్కడికి పోవాలి సార్?"

"అదే నా ఆవేదన కూడా" అన్నారు. ఆయన గొంతులో నిజంగానే ఆవేదన ఉంది. కారు అప్పటికే వచ్చి ఆగింది.

మేం వేడ్ వాళ్ళక్క రోండా ఇంట్లో నేలమాళిగలోకి మారాం. ఆవిడ మంచిదే. "మీకు వేరే దొరికేదాకా ఉండండి, ఎంత తొందరగా దొరికినా నేనేం అనుకోను" అంది. ఆ గదికున్న ఒక్క కిటికీలోంచి బట్టలారబెట్టే మెషీను గొట్టం బయటికి పోతుంది. వంటగది సింకు మీది ఎండ కూడా పోయింది. ఓపల్ లేచి నిలబడే వయసు వచ్చింది, నిలబడడం లేదు. నిలబడకపోవడానికి కారణాలు నేను రాత్రంతా ఆలోచించేదాన్ని. నాకు తట్టిన కారణాలు డాక్టరమ్మకి చెబితే, "ఇన్ని జబ్బులు నేను కూడా చదవలేదమ్మా. పిల్లని ఎండలో ఆడించు" అంది.

ఇల్లు కూల్చే యంత్రాలు వెనకనించి వచ్చాయి. పక్కనున్న బ్యాంకువాళ్ళు పెద్దమనసుతో తమ వెనక దారి వాడుకోమన్నారు. రేకు పడిపోకుండా వెనక ఇనుప దూలాలు ఏటవాలుగా ఆనించారు. ముక్కుల్లేని ముఖాలన్నీ లారీలో పోయాయి. ఒక్కదాన్ని మాత్రం మార్జరీ గారు అడిగి తీసుకుని తన టమాటా మడిలో పెట్టుకుంది. తారు పోశారు. తెల్ల గీతలు గీశారు. అటూ ఇటూ పొమ్మని బాణాలు వేశారు. పని అయిపోగానే బ్యాంకువాళ్ళు తమ దారికి కంచె కట్టేసుకున్నారు.

ప్రారంభోత్సవానికి నన్ను ఆఖరి నివాసిగా పిలిచి ముందు వరసలో కుర్చీ వేశారు. రేకు ముందు కాలిబాట మీద వేదిక. రేకుని సబ్బుతో కడిగారు, తళతళలాడుతోంది. దాని మీద కంచు ఫలకం. "ఈ రేకు వెనక ఎన్నో కుటుంబాలు సుఖంగా జీవించాయి" అని ఉంది. మేయర్ గారు రిబ్బను కత్తిరించారు. కొత్త పార్కింగ్ లాట్‌లో మొదటి కారు తనదే కావాలని హోమర్ గ్లిడెన్ తన పికప్ బండిలో ఇంజను ఆన్ చేసుకుని సిద్ధంగా ఉన్నాడు. అద్దం దించి తల బయటికి పెట్టాడు.

"ఎటునించి వెళ్ళాలి?"

అందరూ చుట్టూ చూశారు. ఇటు బ్యాంకు కంచె. అటు మందుల కొట్టు గోడ. వెనక రైలుకట్ట. ముందు రేకు.

"రేకులో ఒక గేటంత కొయ్యొచ్చు కదా" అన్నాడు హోమర్.

"ఒక్క మేకు కదిపినా చారిత్రకం అన్న మాట పోతుంది. ఆ మాట మీద వచ్చిన గ్రాంటు డబ్బు కూడా పోతుంది" అంది డాక్టర్ వైకాఫ్.

రేకు చివర ఒక తలుపుంది. మా మెట్లకి పోయే వీధి తలుపు. అదీ సముద్రపు పచ్చే, అదీ చారిత్రకమే. పిల్ల బండి పట్టేంత వెడల్పు. మేయర్ గారు వెళ్ళి లాగి చూశారు. తాళం వేసి ఉంది. తాళమూ అప్పటిదే, మార్చకూడదు. తాళంచెవి నా సంచిలో ఉంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగి ఇద్దామంటే తీసుకునేవాళ్ళే లేకపోయారు. సంచిలోంచి తీసి చాపాను.

"నీ దగ్గరే ఉంచుకో కెండ్రా. చారిత్రక తాళానికి చారిత్రక నివాసి. ఇంతకంటే పద్ధతి ఏముంది?" అన్నారు మేయర్ గారు. జనం చప్పట్లు కొట్టారు. హోమర్ ఇంజను ఆపేశాడు.

ప్రవేశ మార్గం గురించి ఒక కమిటీ వేశారు. అది ఇంకా కూర్చుంటోంది. ఈలోగా ఎన్నికల ముందు పేపరువాళ్ళు అడిగితే మేయర్ గారు ఇచ్చిన జవాబు నేను కత్తిరించి దాచుకున్నాను. "కొత్త లాట్‌లో చోటు దొరకలేదని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు." ఆయన మళ్ళీ గెలిచారు. గెలవకుండా ఎలా ఉంటారు.

నేను మాత్రం రోజూ పొద్దున వేడ్ వచ్చి పడుకోగానే పిల్లని బండిలో వేసుకుని వచ్చి, తలుపు తాళం తీసి లోపలికి వెళ్ళేదాన్ని. రేకు వెనకవైపుకి రంగు లేదు. వెండిలా మెరుస్తుంది. పడిన ఎండనంతా మళ్ళీ నేల మీదికే కొడుతుంది. లారీ రాదు, కారు రాదు, కుక్క రాదు. ఊరి నడిబొడ్డున అంత సురక్షితమైన చోటు నేను చూడలేదు. పావురాలు ఇనుప దూలాల మీదికి మారాయి. మా ముందు గది ఉండిన చోట, సరిగ్గా దాని కింద, బండి ఆపేదాన్ని. కార్లు ముందుకు పోకుండా వేసిన సిమెంటు దిమ్మ పట్టుకుని ఓపల్ ఒకరోజు లేచి నిలబడింది. చూడ్డానికి నేనూ పావురాలూ తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత ఒక పొద్దున ఎవరో తలుపు తట్టారు.

"కెండ్రా, పోలీస్. అంటే నేనే, లైల్‌ని."

లైల్ నాతోపాటు పదో క్లాసు దాకా చదివాడు. ఆ తర్వాత కూడా చదివాడు. తలుపు తీశాను. లోపలికి వచ్చి టోపీ తీసి, చుట్టూ చూసి, కాసేపు కళ్ళు మూసుకుని ఎండకి ముఖం పెట్టి నిలబడ్డాడు.

"బాగుందే ఇక్కడ" అన్నాడు.

"బాగుంటుంది. కాఫీ ఉంది, తాగుతావా?"

"డ్యూటీలో ఉన్నాను" అంటూ జేబులోంచి సుద్దముక్క తీసి, వంగి, పిల్ల బండి చక్రం మీద ఒక గీత గీశాడు. కార్ల టైర్ల మీద గీస్తారే, అలా. "ఇక్కడ రెండు గంటలే పరిమితి. మళ్ళీ వస్తాను."

వేళాకోళమాడుతున్నాడనుకుని నవ్వాను. లైల్ నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం వేళకి మళ్ళీ తలుపు తట్టాడు. మళ్ళీ నేనే తీశాను. చక్రం మీది గీత చూసి, పుస్తకం తీసి, చలానా రాసి, చించి, బండి పైకప్పుకి అంటించాడు.

"లైల్, ఇది పిల్ల బండి."

"చక్రాలున్నాయి కదా."

"నేను కడితే కట్టానని ఏడుస్తాడు వేడ్. కట్టకపోతే కట్టలేదని నువ్వొస్తావు."

"కట్టొద్దులే. కట్టమని ఎవరూ రారు. నన్ను తిట్టకు కెండ్రా. గ్రాంటు ఇచ్చినవాళ్ళు వచ్చే వారం చూడ్డానికి వస్తున్నారు. ఈ లాట్‌ని జనం వాడుతున్నట్టు ఏదో ఒక ఆధారం ఉండాలన్నారు మేయర్ గారు. ఒక ఫోటో కూడా తీసుకోవాలి. పాపని కాస్త పక్కకి తీస్తావా? మనిషి కనిపిస్తే బాగుండదు, వాహనమే కనిపించాలి."

ఓపల్‌ని ఎత్తుకుని పక్కకి జరిగాను. లైల్ ఫోటో తీసుకుని, టోపీ పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "రేపు కూడా వస్తావుగా?" అన్నాడు.

"వస్తాను."

పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. ఒక పక్క మేయర్ గారు, ఒక పక్క మా బండి. "డౌన్‌టౌన్‌కి తిరిగొస్తున్న వాహనాలు" అని పెద్ద అక్షరాలు. పరిమితి మించి నిలిపేంతగా రద్దీ పెరిగిందనీ, రెండో లాట్ కోసం పక్క వీధిలో ఒక పాత భవనాన్ని పరిశీలిస్తున్నామనీ, దానికి కూడా రేకు ఉండడం శుభసూచకమనీ మేయర్ గారు చెప్పారట.

ఆ పేపరు తారు మీద పరిచి ఓపల్‌ని కూర్చోబెట్టాను. అది పేపరు అంచు పట్టుకుని, దిమ్మ పట్టుకుని, లేచి, దిమ్మ వదిలేసి రెండడుగులు వేసింది. సరిగ్గా మా ఉయ్యాల వేద్దామనుకున్న చోటికి వెళ్ళి కూలబడింది.

నేను బండిని తెల్ల గీత దాటించి పక్క చోటులోకి జరిపాను. ఎండ అటు జరిగింది.